రాయనిది జరగనట్టే

రోలండ్ డబ్బాలో శాండ్‌విచ్ పెట్టి, ఊరవేసిన దోసకాయ ముక్కను వేరే కాగితంలో చుట్టింది మార్లిస్. రెండూ కలిపి పెడితే రొట్టె తడుస్తుంది. పంతొమ్మిదేళ్ల కిందట ఒకసారి అలాగే తడిసింది. ఆ సాయంత్రం డబ్బా సింకులో పడేస్తూ, "ఈ మాత్రం కూడా చూసుకోలేవా?" అన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో రొట్టె ఒక్కసారి కూడా తడవలేదు. ఆ సంగతి మాత్రం అతను ఎప్పుడూ అనలేదు. బాగున్న పనికి మాటలెందుకు ఖర్చు చేస్తాడు పాపం! ఓ చిన్న గిన్నెలో నిన్నటి ఆపిల్ పుడ్డింగ్ కూడా సర్ది డబ్బా మూత వేసింది.

రోలండ్ రేడియోతో మాట్లాడతాడు. మొక్కజొన్న ధర వినగానే "దొంగ వెధవలు" అంటాడు, వాన రాదంటే "నీకేం తెల్సురా" అని దాన్ని కసురుతాడు. పెళ్లానికి దక్కే మాట ఒక్కటే, "కాఫీ ఉందా?" ముప్పై ఆరేళ్లుగా మార్లిస్ "ఉంది" అంటూనే ఉంది. ఊరి ధాన్యం గిడ్డంగిలో దినమంతా లారీలు తూచే మనిషికి ఇంటికొచ్చేసరికి నోరు అలిసిపోతుందేమో అని కొన్నేళ్లు సరిపెట్టుకుంది. కానీ అతని చెల్లెలు డార్లా వచ్చిందంటే అన్నాచెల్లెళ్లిద్దరూ గంటలకొద్దీ పగలబడి నవ్వుకుంటారు. అప్పుడు మార్లిస్‌కు అర్థమైంది, అలిసిపోయింది నోరు కాదని.

"ఇవాళ మా క్లినిక్‌లో మీటింగ్ ఉంది. నేను మాట్లాడాలి" అంది.

రోలండ్ బూట్ల తాళ్లు కట్టుకుంటూ, "కుర్చీలో కూర్చుని అంకెలేసే పనికి మళ్లీ మీటింగులు కూడానా?" అని ట్రక్కెక్కి వెళ్లిపోయాడు.

అంకెలేసే పనే. కాదని ఎవరన్నారు? మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో, ఆ చిన్న క్లినిక్‌లో, రోగి వచ్చి డాక్టరును చూసిన ప్రతిసారీ దానికి ఒకటి నుంచి ఐదు వరకు ఒక లెవెల్ పడుతుంది. జలుబుకు చిన్న అంకె, ప్రాణం మీదికొచ్చిన దానికి పెద్ద అంకె. బీమా కంపెనీ కట్టే డబ్బు ఆ అంకెను బట్టే. డాక్టరు తనకు తోచింది వేస్తారు. వెనక గదిలో మార్లిస్ డాక్టరు రాసిందంతా చదివి, ఆ రాతకు ఆ అంకె తగునో లేదో తేలుస్తుంది. గోరంతను కొండంత చేసి రాసే డాక్టర్లుంటారు. కొండంతను గోరంతలో చుట్టేసి పోయేవాళ్లూ ఉంటారు. ఎవరైనా సరే, ఆమె పనిలో సూత్రం ఒక్కటే: రాయనిది జరగనట్టే.

ఇప్పుడు మేనేజర్ క్రెయిగ్‌కు కొత్త ఆలోచన వచ్చింది. వచ్చే నెల నుంచి డాక్టర్లు వేసిన అంకె నేరుగా బీమా కంపెనీకి పోతుందట, మధ్యలో చదివే మనిషి అక్కర్లేదట. కాదనేది ఏమైనా ఉంటే మధ్యాహ్నం పన్నెండింటికి మీటింగులో చెప్పమన్నాడు. డాక్టర్ మీచమ్ క్రెయిగ్ వైపే. వయసులో చిన్నదే, మంచి డాక్టరే, కానీ రాతలో బద్ధకిష్టి. కిందటి నెల ఆవిడ మార్లిస్ గుమ్మంలో నిలబడి వాదించింది.

"గదిలో ఉన్నది నేను మార్లిస్ గారూ. ఆ మనిషి ఎంత బరువు మోసుకొచ్చిందో కాగితానికేం తెలుసు?"

"కాగితానికి తెలియనిది నాకూ తెలియదు డాక్టర్" అంది మార్లిస్. గెలిచాననే అనుకుంది.

ఆ మాటన్న వారానికే తను ఆ డాక్టరు గదిలోనే రోగిలా కూర్చోవలసి వచ్చింది. నిద్ర పట్టడం లేదు, పొద్దున్న లేస్తే కాళ్లు కదలవు. "నీకేం రోగం? రోజంతా కూర్చునే ఉంటావుగా" అన్నాడు రోలండ్. డాక్టర్ మీచమ్ రక్తపోటు చూసి, గుండె విని, స్టూలు దగ్గరికి లాక్కుని అడిగింది. "ఇంట్లో మీరు ఎవరితో మాట్లాడతారు?"

ముప్పై ఆరేళ్లలో ఆ ప్రశ్న అడిగిన పాపాన పోయిన మనిషి లేదు. మార్లిస్ జవాబు చెప్పబోయింది, ఏడుపు వచ్చింది. తన ఏడుపు తనకే కొత్తగా వినిపించింది. బయటికొస్తూ అలవాటు కొద్దీ గోడ గడియారం చూసింది. ముప్పై ఎనిమిది నిమిషాలు. ఎవరో తన కోసం అన్ని నిమిషాలు కూర్చున్నారు. ఆ తర్వాత చాలా రోజులు గిన్నెలు కడుగుతూ ఆ అంకెనే తలుచుకుంది.

ఇవాళ పదకొండు కావస్తుండగా డాక్టర్ మీచమ్ ఆ వెనక గదికి వచ్చి తలుపు వేసింది.

"బెవర్లీ నుంచి ప్రశ్న వచ్చింది. మీ గురించే."

క్లినిక్‌లో పనిచేసేవాళ్ల కాగితాలు అక్కడ చదవకూడదు. అవి నలభై మైళ్ల దూరంలోని పెద్ద ఆసుపత్రికి, అక్కడ ఇదే పని చేసే బెవర్లీ దగ్గరికి పోతాయి. డాక్టర్ ఫోనులో చదివి వినిపించింది: 'మీరు నాలుగు వేశారు. రాసినది రెండుకే సరిపోతుంది. ఇంకేమైనా జరిగి ఉంటే చేర్చగలరు. లేదంటే తగ్గిస్తాను.'

మార్లిస్‌కు నవ్వొచ్చింది. డాక్టర్ల నోట్లో మాట పెట్టకుండా అలా అడగాలని బెవర్లీకి నేర్పింది తనే.

"ఏం రాశారు?"

"'అలసట. పరీక్షలు మామూలే. విశ్రాంతి అవసరం.' అంతే." డాక్టర్ గొంతు తగ్గింది. "కావాలనే వదిలేశాను. బయట కౌంటర్లో ఉన్నది మీ ఆడపడుచు కదా."

నిజమే. అవసరం లేని కాగితం తెరవడం తప్పని డార్లాకు తెలుసు. కిందటేడు థాంక్స్‌గివింగ్ విందులో పాస్టరు గారి మూత్రపిండంలో రాయి గురించి చెప్పిందీ ఆవిడే. రాసిన రోజు సాయంత్రానికే రోలండ్ చెవిన పడుతుంది.

"రెండుకు తగ్గించమంటాను" అంది డాక్టర్. "అంకేగా. పోతే పోయింది. నాకు తెలుసు, మీకు తెలుసు."

ఇంతలో తలుపు టకటకలాడింది. సందులోంచి డార్లా తల పెట్టింది.

"తలుపులేసుకుని ఏం మంతనాలు వదినా? అన్నయ్య ఫోను చేశాడు. డబ్బాలో స్పూను పెట్టలేదంట. పుడ్డింగ్ వేళ్లతో తినాలా అని అడుగుతున్నాడు. ఏమని చెప్పమంటావ్?"

"కడుక్కుని తినమను" అంది మార్లిస్.

డార్లా ఆమెను ఒక క్షణం వింతగా చూసి వెళ్లిపోయింది.

మరిచిన ఒక్క స్పూను మూడు మైళ్లు ఫోనులో ప్రయాణం చేసి వచ్చింది. మరవని స్పూన్లు ఎన్ని వేలో! అవెక్కడా లేవు, ఎవరూ రాయలేదు. ఇప్పుడు ఈ ముప్పై ఎనిమిది నిమిషాలూ వాటిలో కలిసిపోతాయి. తెలిసిన మనిషి జాలిపడి దాచిపెట్టింది, నిజమే, మంచి మనసుతోనే దాచింది. కానీ రేపు ఈ పిల్ల ఇంకో ఊరికి బదిలీ అయిపోతే? ఆ వచ్చే డాక్టరు తెరిచి చూస్తే, అలసట, విశ్రాంతి. మళ్లీ మొదటి నుంచి ఎవరడుగుతారు, తను ఎవరికి చెప్పుకుంటుంది? క్రెయిగ్ అన్నట్టే జరిగి ఉంటే ఆ నాలుగు నేరుగా పోయేది, ఈ తలుపు దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఎక్కడో నలభై మైళ్ల దూరంలో ఒక ఆడమనిషి ఆ మూడు ముక్కలు చదివి, ఇంతేనా జరిగింది అని అడిగింది. మార్లిస్‌కు అన్యాయం జరిగిందని బెవర్లీకి తెలియదు. ఆవిడ చేయవలసిన పని ఆవిడ చేసింది, అంతే. పన్నెండింటికి చెప్పవలసిన మాట అదేనని మార్లిస్‌కు తోచింది. గదిలో ఉన్నవాళ్లు రాయాలి, రాసింది చదివి అడిగే మనిషి ఒకరుండాలి.

తన కుర్చీలోంచి లేచి డాక్టరును కూర్చోమంది.

"రాయండి."

"రోలండ్‌కు తెలుస్తుంది మార్లిస్ గారూ."

"తెలియాల్సిన వాడేగా. ముందు నిమిషాలు వేయండి. ముప్పై ఎనిమిది."

డాక్టర్ తన పేరుతో కంప్యూటర్లో మార్లిస్ కాగితం తెరిచి, తర్వాత చేర్చినదని తెలిసేలా ఇవాళ్టి తేదీ వేసి, నిమిషాలు రాసింది. నిద్రలేమి, ఏడుపు, ఇచ్చిన మాత్ర, మళ్లీ రమ్మన్న రోజు అన్నీ చేర్చింది.

"కారణం ఏమని రాయను?"

"ఇంట్లో మాట్లాడే మనిషి లేరని రాయండి."

డాక్టర్ వేళ్లు ఆగాయి. తెర మీద కాస్త పైన, ఎప్పుడో కౌంటర్లో నింపిన వరుసను చూపించింది.

"ఇక్కడ 'భర్తతో కలిసి ఉంటున్నారు' అని ఉందే?"

"అదీ ఉండనివ్వండి" అంది మార్లిస్. "రెండూ నిజమే."