ఆరు జానల చోటు

ఇంటావిడ మోచేతిని ఒక్కసారి చూసి వంటగట్టు ఎంత ఎత్తుండాలో చెప్పేయగల వడ్రంగి ఏడుకొండలు. ఉంగుటూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎన్ని వంటిళ్ళలో చూసినా అతను బిగించిన అలమరాలే. అతనింట్లో మాత్రం తాటాకు కప్పు కింద ఒక కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు. ఏం చేస్తాం, ఊరందరికీ చేసిపెట్టేవాడికి సొంతింటి పని ఎప్పుడూ రేపే!

ఆ రేపేదో తొందరగా రావాలనే అతని భార్య రత్నకుమారి కువైట్ వెళ్ళింది. ఎవరో పెద్దవాళ్ళింట్లో వంటపని. రెండేళ్ళు చేసొస్తే శ్లాబు ఇల్లు లేస్తుందనుకున్నారు. రెండేళ్ళూ కావచ్చాయి. గోడలు లేచాయి, శ్లాబు మాత్రం పడలేదు.

నిజం చెప్పొద్దూ, ఆవిడ లేని ఇల్లు అతనికి ఇల్లులా లేదు. ఇద్దరికి వండటం చేతకాక ఇప్పటికీ ముగ్గురికి వండుతాడు. మిగిలింది పొద్దున్నే చద్దన్నం. ఆరేళ్ళ కూతురు సాయిదుర్గకి జడ వేస్తే ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి పోతుంది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని ఏమీ అనకుండా బడికి పోతుంది. అనకపోవడమే అతనికి ఎక్కువ కష్టంగా ఉండేది.

ఆ పిల్ల ఒకరోజు అడిగింది.

"నాన్నా, ఆడుకోడానికి నాకో వంటగది చెయ్యవా? ఇలాంటిది కాదు. అమ్మ కువైట్‌లో వండుతుంది చూడు, అది."

చూడని వంటగదిని చెయ్యడం ఎలా? రత్నకుమారి శుక్రవారం మధ్యాహ్నాలు ఫోన్ చేసేది. ఇంట్లో వాళ్ళు బయటికి వెళ్ళాక, జానతో కొలిచి చెప్పేది. ఆమె జాన సరిగ్గా ఎనిమిదంగుళాలు. పెళ్ళయిన కొత్తలో పనీపాటా లేని ఒక మధ్యాహ్నం టేపు పెట్టి మరీ కొలిచాడు మహానుభావుడు. అందుకని కొలతల్లో అనుమానం లేదు.

"నాలుగు పొయ్యిల గ్యాసు, నాలుగు జానలండీ. పక్కన గట్టు మూడు. సింకు మూడు. ఫ్రిజ్జు నాలుగు. అబ్బో, ఆ ఫ్రిజ్జులో మన గేదెదూడ పడుతుందండీ!"

"గోడ మొత్తం ఎంతే?"

"ఇరవై."

అడుగుకి మూడంగుళాల చొప్పున, పాత పనుల్లో మిగిలిన టేకు ముక్కలతో మొదలుపెట్టాడు. కూడి చూస్తే ఆరు జానలు మిగిలాయి.

"ఫ్రిజ్జు పక్కన ఏముంది?"

"ఏమీ లేదండీ. ఖాళీ."

"ఖాళీ గోడ వదిలేస్తే పని రానోడు చేసినట్టుంటుంది. అక్కడో బీరువా పెట్టేస్తాను."

"వద్దండీ," అంది రత్నకుమారి గబుక్కున. "ఉన్నదున్నట్టు చెయ్యండి. పాప నన్ను తలుచుకుంటూ ఆడుకునేది కదా."

ఆ తర్వాత ఆవిడే అసలు మాట కదిపింది. ఇంకో రెండేళ్ళు ఉండిపోతానంది. "నాకిక్కడ కష్టమేముందండీ? సొంత గది, ఏసీ. మేడంకి వచ్చే శుక్రవారం చెప్పాలి. మీరేమంటారు?"

"చూద్దాంలే," అన్నాడు ఏడుకొండలు. కానీ లోపల ఊ అనేసుకున్నాడు. ఆవిడ అక్కడ సుఖంగా ఉన్నప్పుడు తన ఒంటరితనం చూసుకుని రమ్మనడం ఏం మగతనం? ఇంకో రెండేళ్ళు పళ్ళ బిగువున లాగేస్తే శ్లాబు పడుతుంది.

గురువారం సాయంత్రానికి వంటగది పూర్తయింది. సాయిదుర్గ దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మట్టితో కొరమీను పులుసు చేసింది, నాన్నకి రుచి చూపించింది, ఉప్పెక్కువైందని తనే తిట్టుకుంది. ఏడుకొండలు చాలా రోజులకి పైకి నవ్వాడు.

వంటయ్యాక ఆ పిల్ల తన గుడ్డబొమ్మని తెచ్చి, పాత లుంగీ ముక్క మడతపెట్టి, ఫ్రిజ్జు పక్కన ఖాళీలో పడుకోబెట్టింది. బొమ్మ పట్టలేదు. రెండు మోకాళ్ళూ కడుపులోకి మడిచింది.

"అక్కడ పడుకోబెడతావేమే పిచ్చిమొహమా? గదిలో పెట్టు."

"అమ్మ ఇక్కడే పడుకుంటుంది నాన్నా. కాళ్ళు ఇలాగే ముడుచుకుంటుందంట. ఫ్రిజ్జు రాత్రంతా బుర్రుమంటుందంట. ఎక్కడ పడుకుంటావని ఫోన్‌లో నేనడిగితే చెప్పింది. నీకు చెప్పొద్దంది."

ఏడుకొండలుకి టేపు అక్కర్లేకపోయింది. ఆరు జానలంటే నాలుగడుగులు. రత్నకుమారి అయిదడుగుల రెండంగుళాల మనిషి. రెండేళ్ళుగా అలా ముడుచుకుని పడుకుంటోంది! ఇక్కడ తనేమో సొంత గది, ఏసీ అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. నమ్మితే హాయిగా ఉంది కనక నమ్మాడు. ఒక్కసారీ, ఆ గది ఎన్ని జానలే అని అడగలేదు. అన్ని కొలతలూ అడిగాడు గానీ, ఆ ఒక్కటీ అడగలేదు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు.

శుక్రవారం ఫోన్ మోగింది.

"ఏవండీ, మేడం అడుగుతోందండీ. ఏం చెప్పమంటారు?"

"నీ గది ఎన్ని జానలే, కుమారీ?"

అవతల రత్నకుమారి గొంతు తగ్గించింది.

"పాప చెప్పేసిందా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రమ్మంటారు కదండీ."

తిడదామనుకున్నాడు. చివరికి, "వచ్చెయ్," అన్నాడు.

"మరి శ్లాబో?"

"శ్లాబు గోల తర్వాత. ముందు నువ్వొచ్చి కాళ్ళు బారజాపుకుని పడుకో."

రెండేళ్ళలో మొదటిసారి రత్నకుమారి ఫోన్‌లో ఏడ్చింది. ఏడుకొండలు ఊరుకోమనలేదు. ఆమె ఫోన్ కార్డులో డబ్బులైపోయి ఫోన్ దానంతటదే ఆగిపోయేదాకా వింటూ కూర్చున్నాడు.