మొదటి గుక్క

దొరసాని చూస్తుండగా వంటమనిషి కీజియా ఆవిడ కాఫీ ఒక గుక్క తాగింది. గొంతు కదిలిందో లేదో చూడటానికి దొరసాని కళ్లద్దాలు సర్దుకుంది. కదిలింది. అయినా కాసేపు ఆగి, వంటమనిషి ఇంకా నిలబడే ఉందని నమ్మకం కుదిరాకే కప్పు అందుకుంది.

ఆవిడ భర్త కర్నల్ దొర పోయినప్పటి నుంచీ ఇదే తంతు. అమెరికా దేశానికి స్వేచ్ఛ తెచ్చిన పెద్దల్లో ఆయనొకడు. మనుషులంతా సమానమని సభల్లో గొంతు చించుకుని, ఇంటికొచ్చి బానిసల చేత బూట్లు విప్పించుకునేవాడు. చివరి రోజుల్లో మనసు పీకినట్టుంది, తన బానిసలందరికీ విడుదల రాసిపెట్టాడు. కాకపోతే తన భార్య కన్నుమూశాకే అన్నాడు. మహానుభావుడు, పుణ్యం తాను కట్టుకుపోయి భయం పెళ్లాం నెత్తిన పెట్టాడు.

ఇక ఆ వర్జీనియా తోటలో ఎవరైనా "అమ్మగారు బాగా నిద్రపోయారా?" అని అడిగితే చాలు, దొరసానికి గుండె దడ. అడిగేవాళ్ల గొంతులోనూ ఏదో ఉండేది, కాదనలేం.

కీజియా బానిసే గానీ కర్నల్ మనిషి కాదు. దొరసాని మొదటి మొగుడి ఆస్తి. దొరసాని పోతే మనవల వాటాకు పోవాల్సిందే, విడుదల లేదు. అందుకే విషం కలిసిందేమో రుచి చూసే పని ఆమెకు అప్పగించారు. ఆమె భర్త అంబ్రోస్, తోటలో వడ్రంగి, మాత్రం కర్నల్ మనిషి. దొరసాని చస్తే అతనికి స్వేచ్ఛ, ఆమెకు ఎడబాటు. ఆ తోట మొత్తంలో దొరసాని నూరేళ్లు బతకాలని కోరుకున్నది కీజియా ఒక్కతే. ఆ సంగతి దొరసానికే నమ్మబుద్ధి కాలేదు.

"నీ మొగుడు పొద్దున కిటికీ దగ్గరేం చేస్తున్నాడే?"

"గడియ బిగించమని మీరేగా చెప్పారమ్మగారూ."

"లోపలికి తొంగిచూశాడు."

"గడియ ఉండేది లోపలే కదమ్మా."

మధ్యాహ్నానికి దొరసాని ఓపిక అయిపోయింది. మేనల్లుణ్ణి పిలిపించి, కర్నల్ మనుషులందరి విడుదల కాగితాల మీద సంతకం పెట్టేసింది. పొద్దుగూకేలోగా తోట దాటిపోవాలని షరతు.

అంబ్రోస్ వంటపాక గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. నవ్వాలో వద్దో తెలియని ముఖం. అతను దారిలో తినడానికి కీజియా మొక్కజొన్న రొట్టెలు గుడ్డలో కడుతోంది.

"ఆదివారం ప్రార్థనలో మోకాళ్ల మీంచి లేవనే లేదు నువ్వు. దొరసాని బతకాలనేనా?"

ఆమె వేస్తున్న ముడి సగంలో ఆగింది.

"నిజం చెప్పు కీజీ."

"ఆవిడుంటేనే కదా నువ్వు నా దగ్గరుండేది."

"అంటే నేనిలాగే బానిసగా పడుండాలని మొక్కావు."

"నువ్వుండాలని మొక్కాను."

"రెండూ ఒకటే కదే."

కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. బయట మేనల్లుడు కేకేశాడు. అంబ్రోస్ ఆమె తల మీద చెయ్యి వేసి, కాసేపుంచి, వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కీజియా చెంచా ఎత్తబోతే దొరసాని వారించింది. "ఇక అక్కర్లేదులే, పో." చాన్నాళ్లకు కడుపునిండా తింది. కీజియా ముఖంకేసి చూడలేదు. అనుమానించదగ్గ ముఖం ఆ ఇంట్లో ఏదైనా ఉందంటే ఆ పూట అదే.

కీజియా వంటపాకకు తిరిగొచ్చింది. తొందరలో మరిచాడో, కావాలనే వదిలాడో, ముడి సగమే పడిన గుడ్డలో రొట్టెలు బల్ల మీదే ఉన్నాయి, చెమర్చి చల్లారుతూ.