పది గ్రాముల రాగి

డౌటయ్య తన నీడను కూడా నమ్మడు. వీధివాళ్ళు ఆ పేరు ఊరికే పెట్టలేదు. తాళం వేసి నాలుగడుగులు నడిచాక మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసే రకం. అలాంటివాడు లోకంలో నమ్మిన మనిషి ఒక్కడే, అక్క మొగుడు.

ఇద్దరూ కలిసి ఒక చిన్న షెడ్డులో పాత స్విచ్చుల నుంచి వెండి తీస్తారు. వాటిలోని వెండి ముక్కల్ని యాసిడ్‌లో కరిగించి అందులో రాగిరేకు ముంచితే, రాగి కరిగి నీళ్ళు నీలమవుతాయి, వెండి బూడిదరంగు పొడిగా అడుక్కు దిగుతుంది. ఆ పొడి కడిగి తూచే పని బావది. వచ్చినదాంట్లో చెరిసగం.

ఎంత దిగిందో తనకెలా తెలుస్తుందని డౌటయ్య మొదట్లోనే అడిగాడు. బావ కోపం తెచ్చుకోలేదు సరికదా, గోడ మీద సుద్దతో సమీకరణం రాసి మరీ నేర్పాడు. ఒక రాగి పరమాణువు కరిగితే ఒక వెండి పరమాణువు దిగుతుంది. రాగి పది గ్రాములు తరిగితే వెండి పదిహేడు. అప్పటి నుంచి రేకును ముందూ వెనకా తూచుకోవడం డౌటయ్య వంతు. లెక్క ఒక్కసారీ తప్పలేదు. కడగడంలో పోయే రవ్వంత తేడా కూడా రాలేదు. పాపం, అనుమానించాల్సింది అక్కడే.

బావకు జ్వరమొచ్చిన రోజు పొడి డౌటయ్యే కడిగి తూచాడు. రాగి పది గ్రాములు తరిగింది. వెండి మాత్రం ముప్పైనాలుగు. తడి ఆరలేదేమోనని మళ్ళీ ఆరబెట్టాడు. కాటాను అనుమానించాడు, రాగి అమ్మినవాణ్ణి తిట్టుకున్నాడు. చివరికి గోడ మీది లెక్క కాగితం మీదికి ఎక్కించుకుని, కాలేజీకి వెళ్ళే కూతురి ముందు పెట్టాడు.

"ఇది సరిపోలేదు నాన్నా."

"అటొక రాగి, ఇటొక రాగి. అటొక వెండి, ఇటొక వెండి. ఇంకేం సరిపోవాలి తల్లీ?"

"పరమాణువులు సరిపోయాయి, ఛార్జీలు సరిపోలేదు. ఎడమపక్క ఒకటి, కుడిపక్క రెండు. రాగి రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది, వెండి ఒక్కటే తీసుకుంటుంది. మరి రెండోది ఎవరు తీసుకున్నట్టు?"

ఆ పిల్ల వెండికి రెండువైపులా రెండేసి పెట్టి తన పనిలో పడింది. ఎవరు తీసుకున్నదీ తండ్రికి అర్థమైంది. పోయిన వెండికన్నా, అన్ని తాళాలు లాగి చూసి ఆ గోడను మాత్రం గుడ్డిగా నమ్మానే అన్న ఉక్రోషం ఎక్కువైంది. అడిగేస్తే అక్క సంసారం వీధిన పడుతుంది.

మర్నాడు బావ శాలువా కప్పుకుని వచ్చాడు. "ఎంత దిగిందిరా?"

"పదిహేడు" అని డౌటయ్య పొట్లం ముందుకు తోశాడు. మిగతా పదిహేడూ చొక్కా జేబులో ఉన్నాయి.

బావ పొట్లం విప్పి చూశాడు. నీలం నీళ్ళ వైపు చూశాడు, రేకు వైపు చూశాడు. ఏదో అడగబోయి మాట మార్చాడు. "బాగా వెతికావా? అడుగున ఏమీ మిగల్లేదు కదా?"

"మీరు నేర్పిన లెక్కే బావా. సరిపోయింది కదా?"

బావ చూపు మెల్లగా ఆ జేబు దగ్గరికొచ్చి ఆగింది.

"సరిపోయింది" అన్నాడు.

ఆ సాయంత్రం షెడ్డుకు తాళం వేసి ఇద్దరూ నాలుగడుగులు నడిచారు. మళ్ళీ వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసింది బావ.