తాకకుండా పుట్టిన కణం

సీసం కేంద్రకాలు రెండు మహావేగంతో ఎదురెదురుగా వచ్చి, ఒకదాన్నొకటి తాకకుండా పక్కనుంచి దూసుకుపోతాయి. అప్పుడు ఒకదాని నుంచి వెలువడిన కాంతి రెండోదానికి తగిలి మీసాన్ అనే కణం ఒకటి పుడుతుంది. పుట్టీ పుట్టగానే మ్యూయాన్లనే రెండు చిన్న కణాలుగా విడిపోతుంది. మరేమీ కదలని డిటెక్టర్‌లో అవి వదిలిన రెండు గీతలే సాక్ష్యం. వాటిని లెక్కగట్టే పని గువ్వది. మాట్లాడితే పక్కవాళ్ళకైనా వినపడదని ప్రయోగశాలలో అందరూ పెట్టిన పేరది.

గుద్దుకోనిదాంట్లో చూసేదేముందని అమ్మ ఫోన్‌లో అడిగితే, తాకకపోయినా పుడుతుందని చెప్పింది గువ్వ.

"అయితే మీ మేనత్త లాంటిదన్నమాట. మన గుమ్మం ముందు నడిచిపోతే చాలు, ఇంట్లో గొడవ పుడుతుంది," అంది అమ్మ.

గువ్వ నవ్వింది గానీ, మనసు మనసులో లేదు. ఆ ఉదయమే సమావేశంలో శంకల మాస్టారు అడ్డుపుల్ల వేశారు. ఆయన అసలు పని డిటెక్టర్ గడియారాలు చూడడం, కొసరు పని అందరినీ అనుమానించడం. ఆకాశం నుంచి పడే మ్యూయాన్ ఒక్కటే పైనుంచి కిందికి దూసుకుపోయినా, నడిమధ్యలో రెండు పుట్టినట్టే కనిపిస్తుందన్నారు. ఆ శంక తీరకపోతే గువ్వ కొలతను బృందం ప్రచురించబోయే పరిశోధన పేపర్లోంచి తీసేస్తామని బృందం పెద్దాయన తేల్చేశారు.

ఏళ్ల తరబడి చేసిన పని. అయినా ఏడుస్తూ కూర్చునే తీరిక లేదు. కేంద్రకాల పరుగు ఆపేసిన రోజుల్లో డిటెక్టర్ పట్టిన గీతలన్నీ, అంటే ఆకాశం నుంచి పడ్డవే, అడిగి తెప్పించుకుంది. పక్క బల్ల అమ్మాయి బిత్తరపోయింది.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావే. అందులోనూ నీ గీతలే కనబడితే?"

"కనబడనీ. ముందు నాకు తెలియాలి."

కనబడ్డాయి. అచ్చం తనవాటిలాగే, రెండేసి. మాస్టారి మాట నిజమే. కానీ ఎంత నిజం? ఆకాశం నుంచి వచ్చేది ముందు పైభాగాన్ని తాకి, ఆ తర్వాతే కిందిభాగాన్ని తాకుతుంది. మధ్యలో పుట్టినవైతే రెండూ ఒకేసారి చేరతాయి. ఆ కాస్త తేడా చెప్పగల గడియారాలు మాస్టారి చేతిలోనే ఉన్నాయి.

ఆయన తలుపు ముందు కాసేపు తచ్చాడి, చివరికి తట్టింది. తన గీతల్ని ఆయన గడియారాలతో జల్లెడ పడతానంది. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"సగం పోతే?"

"పోనివ్వండి సారూ. మిగిలినవైనా మీసాన్‌వే కదా."

వారమంతా ఇద్దరూ ఆ గదిలోనే కూర్చున్నారు. ఆయన సణుగుతూనే ఉన్నారు, ఆమె జల్లెడ పడుతూనే ఉంది. కుప్పలో మూడో వంతు ఎగిరిపోయింది. మిగతా జంటల నుంచి లెక్కగట్టిన ద్రవ్యరాశి మాత్రం మీసాన్‌కు ఉండాల్సిన చోటే కదలకుండా నిలబడింది.

సమావేశంలో గువ్వ పాత అంకె కొట్టేసి, చిన్న అంకెను తెరమీద పెట్టింది. ఏది పోయిందో, ఎందుకు పోయిందో తలెత్తి చెప్పింది. వెనక వరుసలో వాళ్ళకూ వినపడింది. కొలత పేపర్లో ఉంటుందన్నారు పెద్దాయన.

అంతలో శంకల మాస్టారు చెయ్యెత్తారు. ఇంకో చిన్న శంక ఉందట. ఎవరో మూలిగారు.

గువ్వ కంప్యూటర్ మూయబోయి ఆగింది.

"అడగండి సారూ," అంది.