కట్టె పట్టని వీరుడు

ఆదినారాయణకు చెయ్యి వణుకుతోందన్న సంగతి ధర్మవరం మొత్తమ్మీద ఒక్క పార్వతమ్మకే తెలుసు. కట్టుకున్న పెళ్ళాం కదా, తెలియక ఎక్కడికి పోతుంది! పెద్ద గ్లాసు తీసుకుని, సగానికే కాఫీ పోసి, ఏమీ ఎరగనట్టు అతని ముందు పెట్టి వెళ్ళిపోయేది. పట్టుచీరలకు డిజైన్లు గీయడం ఎందుకు మానేశావని అడిగినవాళ్ళతో మాత్రం ఆదినారాయణ దర్జాగా "కండ్లు ఆనడం లేదప్పా" అనేవాడు. కళ్ళు తగ్గడంలో కొంత పెద్దరికం ఉంది. చెయ్యి తగ్గితే బొమ్మలు గీసేవాడికి ఇంకేం మిగులుతుంది?

అట్లాంటి ఇంటికి ఒక పొద్దున పెనుకొండ నుంచి కుళ్ళాయమ్మ వచ్చింది. ఆదినారాయణ ప్రాణస్నేహితుడు పుల్లయ్య భార్య ఆమె. బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మనిషి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"అన్నా, మా ఆయప్ప మళ్ళా పడినాడు."

"యాడ పడినాడమ్మా?"

"నీళ్ళు పోసుకునేకాడ. ఎముక ఇరగలేదు, దేవుడు సల్లగా సూసినాడు. కట్టె పట్టుకోకుండా తిరిగితే మాత్రం, ఇంగోసారి పడితే లేసేది ఉండదని హిందూపురం డాక్టరు చెప్పినాడు. కట్టె కొనిస్తే గొడ్లపాకలోకి ఇసిరేసినాడు. నాలుగు కాళ్ళ కట్టె తెస్తే దానిమింద తువ్వాల ఆరేసినాడు."

ఆదినారాయణకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"నవ్వుతాండావా? దీనికంతా నువ్వే కారణం. 'కట్టె పట్టడు, కత్తి ముట్టడు' అని రాసింది నువ్వు కాదా?"

నిజమే, అతనే రాశాడు. ఒకప్పుడు హిందూపురంలో 'గిలక' అని పిల్లల మాసపత్రిక ఒకటి అచ్చయ్యేది. దాంట్లో ఆదినారాయణ నెలనెలా బొమ్మల కథ వేసేవాడు. కథానాయకుడి పేరు పెనుగాలి. పెనుకొండ కొండమీద ఉంటాడు, ఎవరైనా ఆపదలో ఉంటే రెండు చేతులూ పైకెత్తి గాల్లోకి లేస్తాడు. వీపున ఎర్రటి పట్టుగుడ్డ, దానికి ధర్మవరం జరీ అంచు. ఆ అంచు నెలకొక తీరుగా ఉండేది. పిల్లలు కథ చదివితే వాళ్ళ తల్లులు అంచు చూసేవాళ్ళు. ఈ నెల పెనుగాలి అంచు కావాలని మగ్గాల దగ్గరికి వచ్చి అడిగిన ఆడవాళ్ళూ ఉన్నారు. కొట్లాటలు మరిగిన సీమలో పిల్లలకు కత్తులూ కట్టెలూ చూపించొద్దని పత్రిక పెద్దాయన పట్టుబట్టాడు. అందుకని పెనుగాలి చేతులెప్పుడూ ఖాళీగా ఉండేవి. కట్టెలన్నీ దుర్మార్గుల చేతుల్లోనే.

ఆ ముఖం, ఆ భుజాలు, ఆ మీసం పుల్లయ్యవి. చెన్నేకొత్తపల్లి దోవలో శెనగచేను సాగు చేసుకునే పుల్లయ్య, చెరో చంకలో ఒక మూట పెట్టుకుని లారీ ఎక్కించేవాడు. బావిలో పడిన ఎద్దును ఒంటిచేత్తో లాగాడని జనం చెప్పుకునేవాళ్ళు. నిజానికది దూడ. పుల్లయ్య మాత్రం ఎవరి మాటా సరిదిద్దలేదు. భుజాలమీద దుప్పటి కప్పుకుని, చేతులు పైకెత్తి గంటలకొద్దీ నిలబడితే ఆదినారాయణ బొమ్మ గీసుకునేవాడు. బజారులో పిల్లలు "పెనుగాలి మామా!" అని వెంటపడేవాళ్ళు. స్నేహితుణ్ణి బస్సెక్కించడానికి వచ్చినప్పుడల్లా పుల్లయ్య అట్లాగే రెండు చేతులూ ఎత్తి నిలబడేవాడు, బస్సు మలుపు తిరిగేదాకా.

ఒకసారి పాఠకుడెవరో పత్రికకు రాశాడు, మా నాయన చదివినప్పుడూ పెనుగాలి ఇట్లాగే ఉన్నాడంట, ఆయనకు వయసు రాదా అని. "గాలికి వయసేముంది నాయనా" అని పెద్దాయన జవాబు వేశాడు. పుల్లయ్యకు ఆ జవాబు ఎంత నచ్చిందో! మోకాళ్ళు నొప్పి పుట్టిన రోజుల్లో కూడా అదే అనేవాడు. పెద్దాయన పోయాడు, పత్రిక మూతపడింది. పెనుగాలి మీసంలో ఒక్క వెంట్రుకా నెరవలేదు.

"ఆ పెనుగాలికి ముసలితనం రానియ్యన్నా" అంది కుళ్ళాయమ్మ. అడుగుతూనే ఏడ్చింది. "వాడు కట్టె పట్టుకున్నట్టు ఒక్క బొమ్మ వెయ్యి. వాడు పట్టినాడంటే ఈయప్పా పట్టుకుంటాడు. నా మాట వినడు, డాక్టరు మాట వినడు. వాని మాట వింటాడు."

నా చెయ్యి పోయిందమ్మా అనాలి ఆదినారాయణ. నాలుక చివరిదాకా వచ్చింది. "సరేలేమ్మా, వేస్తా" అన్నాడు. వంటింట్లో పార్వతమ్మ గిన్నె ఒకటి ఠంగుమని పడేసింది.

డిజైన్లు గీసే గళ్ళ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి పడుచువాడి దవడ వైపు పోయింది. గీత నిలవలేదు, వంకర్లు పోయింది. చెరిపాడు, మళ్ళీ గీశాడు, మళ్ళీ వంకర. పెన్సిలు విసిరికొట్టబోయి ఆగాడు. ఆ వంకర గీత చెంపమీద ముడతలాగే ఉంది. మెడ కింద వేలాడే చర్మం, గుంటలు పడ్డ కళ్ళ కింది గీతలు, కట్టెమీద బిగిసిన వేళ్ళు, అన్నీ ఆ వణుకులోంచే వచ్చాయి. కుర్రవాణ్ణి గీయలేని చెయ్యి ముసలివాణ్ణి అచ్చుగుద్దినట్టు గీసింది. ఆదినారాయణకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నేళ్ళు వయసు తగలకుండా దాచుకున్నవాణ్ణి తన చేతులారా ముసలివాణ్ణి చేశాడు. వీపున గుడ్డ వేశాడు గానీ, దాని అంచుకు వచ్చేసరికి వల్ల కాలేదు. సన్నటి జరీ గీతలు ఆ చేతితో ఎట్లా పడతాయి! అంచును ఖాళీగా వదిలేశాడు.

మర్నాడు కాగితం చుట్టుకుని పెనుకొండ పోయాడు. పుల్లయ్య వసారాలో కుర్చీలో ఉన్నాడు. ఆ భుజాలు ఎటు పోయాయో, చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది. వెనక గోడమీద 'గిలక' ముఖచిత్రం, అద్దం కట్టించింది, రెండు చేతులూ ఎత్తి ఎగురుతున్న పెనుగాలి.

"ఏమిరా, చెప్పాపెట్టకుండా వచ్చినావు!" అని లేవబోయి, కుర్చీ చేతులు పట్టుకుని, లేవకుండానే లేచినట్టు నవ్వాడు.

ఆదినారాయణ బొమ్మ ఇచ్చాడు. కుళ్ళాయమ్మ గడప దగ్గరికొచ్చి నిలబడింది. పుల్లయ్య చాలాసేపు చూశాడు. బొమ్మ కింద ఆదినారాయణ రాసిన మాటలు పైకి చదివాడు. "కొట్టేందుకు పట్టలేదు, నిలబడేందుకు పట్టినా."

"ఈ మాట పెనుగాలిది కాదు, నా పెండ్లాంది" అన్నాడు. కుళ్ళాయమ్మ తల దించుకుంది.

"వానికి మాత్రం వయసు రాదారా?" ఆదినారాయణ గొణిగాడు.

"నాకొచ్చింది చాల్దా?" పుల్లయ్య గొంతు ఒక్కసారిగా లేచింది. "కట్టె పడితే సిగ్గని ఇసిరేస్తాండానని అనుకున్నారు మీరిద్దరూ. సిగ్గేమిరా నాకు? పొద్దున లేస్తూనే కాళ్ళు నావి కావు. మూట కాదు కదా, చెంబెత్తాలంటే రెండు చేతులు కావల్ల. అప్పుడు ఆ గోడ పక్క సూస్తా. పోనీలే, నేను పడినా వాడన్నా పడలేదు, ఆడ ఎగురుతాండాడులే అనుకుంటా. ఆ ఒక్కన్నీ కిందికి దింపినారు కదరా!"

వీధిలో కార్ల ఫ్యాక్టరీ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. పుల్లయ్య మళ్ళీ బొమ్మలోకి వంగాడు. అతని వేలు పట్టుగుడ్డ చివర ఆగింది.

"అంచు యాడరా?"

"ముసలోనికి అంచెందుకులే అని..."

"అబద్ధాలాడొద్దు. జరీ అంచు లేకుండా నువ్వెప్పుడన్నా గుడ్డ వేసినావా? అంచు బాగా కుదరలేదని ఒకసారి పత్రికనే ఆపించినోడివి. వెయ్యి. నా కండ్ల ముందర వెయ్యి."

స్నేహితుడి జేబులోని పెన్సిలు తానే లాగి అతని చేతిలో పెట్టాడు. ఆదినారాయణకు తప్పలేదు. కాగితం మీద పెన్సిలు ఆనించాడు. అది తేలు పాకినట్టు పాకింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆపబోయాడు, రెండు చేతులూ కలిసి వణికాయి. పుల్లయ్య చూస్తూ ఉండిపోయాడు. అతని కోపమంతా మెల్లగా దిగిపోయింది.

"ఎప్పటినుంచిరా?"

"రెండేండ్లయిండాది."

"నాకు చెప్పల్యా?"

"నువ్వు పడినప్పుడల్లా నాకు చెప్పినావా?"

పుల్లయ్య ఆ వణికే చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని గట్టిగా అదిమాడు. పట్టులో ఇంకా పాత బలం కాస్త మిగిలే ఉంది. ఆ చేతుల్లో ఉన్నంతసేపూ వణుకు ఆగింది. వదలగానే మళ్ళీ మొదలైంది.

తిరుగు ప్రయాణానికి ఆదినారాయణ కాగితం చుట్టుకుని లేచినప్పుడు పుల్లయ్య లోపలికి కేకేశాడు. "ఏమే, ఆ కట్టె తే."

"ఎందుకు?" అంది కుళ్ళాయమ్మ, నమ్మలేక.

"వీన్ని బస్సెక్కించల్ల. ఇట్లాంటి చేత్తో ఒంటిగా ఎట్ల పోతాడు?"

గొడ్లపాకలోంచి తెచ్చి, కొంగుతో తుడిచి ఇచ్చింది. అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె కోరింది జరిగింది. పుల్లయ్య కట్టె పట్టాడు. చూస్తున్న ఆదినారాయణకు మాత్రం గుండెలో కలుక్కుమంది.

వీధి చివరికి పోవడానికి వాళ్ళకు పట్టిన సేపట్లో పుల్లయ్య ఒకప్పుడు కొండ సగం ఎక్కేవాడు. బడి వదిలిన పిల్లలు సైకిళ్ళమీద వెనకనుంచి వచ్చారు. "తాతా, పక్కకు! పక్కకు!" అని గంట కొట్టారు. పుల్లయ్య కట్టె ఊని పక్కకు జరిగాడు. పిల్లల్లో ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు.

ధర్మవరం బస్సు వస్తుండగా పుల్లయ్య చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఇట్లా ఇయ్యి."

"చించేస్తావా?"

"చించేదెందుకు! ఇది వాడు కాదురా, నేను. ఇన్నేండ్లూ నన్ను నిలబెట్టి వాని బొమ్మలే వేసినావు. నా బొమ్మ ఇదే మొదటిది." నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "గోడమీద ఉండేవాని జోలికి మాత్రం పోవద్దు."

ఆదినారాయణ కిటికీ పక్కన కూర్చుని చెయ్యి బయటకు పెట్టాడు. ఊపాల్సిన అవసరం లేకుండా అదే ఊగుతోంది. దాన్ని దాచుకోవాలని ఆ పొద్దు అతనికి అనిపించలేదు. బస్సు కదిలింది. రోడ్డు పక్క పుల్లయ్య ఎప్పటిలాగే రెండు చేతులూ ఎత్తబోయాడు. కట్టె గుర్తొచ్చి, ఒక్కటే ఎత్తాడు.