అన్‌విల్లింగ్ లెటరు

"నీకొచ్చిన ఇంగ్లీషు మన నరసన్నపేటకి ఎక్కువే గాని, ఆ చట్నీ ఇలాగియ్యి," అన్నాడు ఎజ్రా ఫోన్లోంచి తలెత్తకుండా.

లీలారాణి చట్నీ గిన్నె అతనివైపు జరిపి మళ్ళీ పెనం దగ్గరకి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఆమె మూడో అట్టు దాకా ఆగింది. మొదటి అట్టప్పుడు ఎజ్రాకి ఆకలి, రెండో అట్టప్పుడు ఫోను, మూడో అట్టుకి కాస్త మెత్తబడతాడు. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆమె కనిపెట్టిన రహస్యాల్లో ఇదొకటి. నలభై నాలుగేళ్ళ మనిషి, హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు, అరవై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలిగినది, ఇంట్లో ఒక్క వాక్యం చెప్పడానికి అట్లు లెక్కపెట్టుకోవాలా అని ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూ నిలబడితే అట్టు మాడుతుంది. తిరగేసింది.

వాక్యం చిన్నదే. బెంగుళూరులో ఇంగ్లీషు టీచర్లకి ముప్పై రోజుల శిక్షణ ఉంది, అక్కడే ఉండి నేర్చుకోవాలి, వెళ్ళేవాళ్ళ జాబితాలో నా పేరొచ్చింది.

ముందుగదిలోంచి అత్తగారు గ్లోరీ అడిగింది. "ఏటిరా? ఏటంట?"

"నీ కోడలు బెంగుళూరు ఎల్తాదంటమ్మా. నెల్లాళ్ళు."

"ఓలమ్మో, నెల్లాళ్ళే! మరి నాకు సూదెవులు పొడుస్తారు?"

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఆరేళ్ళుగా ఆవిడకి ఇన్సులిన్ సూది వేసేది లీలారాణే. "మీ అబ్బాయి వేస్తారు అత్తయ్యా. నేను నేర్పుతాను," అంది.

"ఆడా? ఆడికి సూదంటే సిన్నప్పట్నించీ బయ్యం. రగతం సుక్క సూస్తే పడిపోతాడు," అంది ఆవిడ, కొడుక్కి మెడల్ వచ్చినంత మురిపెంగా.

ఎజ్రా కూడా మురిసిపోయాడు. "నిజవేనే. అయినా పరలోకంలో ఇంగ్లీషు మాటాడతారేటి, ఈ వయసులో నేర్సుకోడానికి? అన్‌విల్లింగ్ ఇచ్చీ."

అన్‌విల్లింగ్ ఇచ్చెయ్యడం. టీచర్లందరికీ అలవాటైన మాట. శిక్షణకి పేరొస్తే, నాకు ఇష్టం లేదు, నా పేరు తీసెయ్యండి అని పై ఆఫీసుకి రాసిచ్చుకునే ఉత్తరానికి ఆ పేరు. లీలారాణి ఇప్పటికి మూడిచ్చింది. మొదటిసారి కూతురు దీవెన పాలు మానలేదు. అది సరే, అప్పుడు ఆమెకే మనసొప్పలేదు. రెండోసారి మామగారికి పక్షవాతం. మూడోసారి కారణమంటూ ఏమీ లేదు. చర్చికి జూబిలీ, ఎజ్రా సంఘం కార్యదర్శి, వచ్చిన పెద్దలందరికీ భోజనాలు వీళ్ళింట్లోనే. బెంగుళూరులో ఉండాల్సిన వారమంతా ఆమె పులావులోకి ఉల్లిపాయలు కోసింది. మూడు ఉత్తరాల్లోనూ ఒకటే మాట, నాకు ఇష్టం లేదు. ఇంట్లో వద్దన్నారని ఏ ఉత్తరంలోనూ లేదు. అలా రాయడానికి వీల్లేదు కూడా, మొగుడి పరువు పోతుంది. వద్దన్నవాళ్ళు కాగితం మీద ఎక్కడా కనబడరు. కనబడేదల్లా ఆమె పేరు, ఆమె సంతకం, ఆమె అయిష్టం. ఆఫీసులో ఆ మూడు కాగితాలూ చదివినవాడెవడైనా, ఈవిడకి నేర్చుకోవడమంటే గిట్టదనే అనుకుంటాడు.

మే నెలలో ఎజ్రా లెక్కల టీచర్ల శిక్షణకని విశాఖపట్నం వెళ్ళి పది రోజులున్నాడు. అన్ని చొక్కాలూ ఇస్త్రీ చేసి సర్దింది ఆమే. నువ్వెళ్తే ఇల్లేమైపోతుందని అతన్ని ఎవరూ అడగలేదు. వచ్చాక గ్రూపు ఫోటో కట్టించి గోడకి తగిలించింది అత్తగారు.

ఈసారి జాబితా కింద ఇంకో ముక్క కూడా ఉంది. నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళ పేర్లు పంపొద్దు. వచ్చే ఫిబ్రవరికి ఆమెకి నలభై అయిదు నిండుతాయి. అంటే ఇక పేరు రాదు. ఆ మాట మాత్రం ఆమె ఎన్నో అట్టుకీ చెప్పలేకపోయింది.

స్కూల్లో జగన్నాధం ఎదురొచ్చాడు. ఆఫీసులో గుమాస్తా, మంచివాడే. "మేడమ్, మీ అన్‌విల్లింగ్ తీసీమంటారేటి? పాతది కంప్యూటర్లో ఉన్నాది. తేదీ మార్సీడవే," అన్నాడు. సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు పాపం. ఆమె తొమ్మిదో తరగతికి వెళ్ళిపోయింది.

ఆ క్లాసులో గౌరి అని ఒక పిల్ల ఉంది. ఏ ప్రశ్నకైనా జవాబు తెలుసు, నోరు మాత్రం విప్పదు. జవాబు అరచేతిలో పెన్నుతో రాసుకుని, చెయ్యెత్తి చూపిస్తుంది. మిగతా పిల్లలు నవ్వుతారు. లీలారాణికి నవ్వు రాదు. ఇరవై ఏళ్ళుగా ఆమె పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, ప్రశ్నలకి జవాబులు బోర్డు మీద రాస్తోంది. పిల్లలు ఎక్కించుకుంటారు, పరీక్షలో దింపుతారు, మార్కులొస్తాయి. మాట మాత్రం రాదు. ఎలా వస్తుంది, ఆమెకే రాదు కదా! రెండేళ్ళ కిందట మండలం మీటింగులో మీ గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పండన్నారు. వ్యాకరణంలో ఎవరి తప్పయినా పట్టగల మనిషి, లేచి నిలబడి, చెమట తుడుచుకుని, కూర్చుంది. అదే మీటింగులో ఈశ్వరి అనే చిన్నమ్మాయి, బెంగుళూరు వెళ్ళొచ్చినది, పిల్లల చేత ఆటలాడించినట్టు ఇంగ్లీషు మాట్లాడించి చూపించింది. అది ఎలా చేస్తారో లీలారాణికి కావాలి. సర్టిఫికెట్ అక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు. గౌరి చెయ్యి దించి నోరు తెరవాలి. అంతకన్నా లోపల ఇంకో కోరిక కూడా ఉంది. ముప్పై రోజులు ఎవరో వండిన అన్నం తిని, పుస్తకం పట్టుకుని, "లీలా" అని ఎవరూ పిలవని చోట కూర్చోవాలని. అలా అనిపించినందుకు ఆమెకే సిగ్గేసింది.

సాయంత్రం అత్తగారికి సూది వేసి వచ్చేసరికి ఎజ్రా తెల్లకాగితం మీద ఏదో రాస్తున్నాడు.

"జగన్నాధానికి ఫోన్ చేసేను. నువ్వింకా ఇవ్వలేదంట," అన్నాడు. "నువ్వు మెత్తగా రాస్తావే, అందుకే మళ్ళీ మళ్ళీ పేరేస్తన్నారు. ఈసారి నేను గట్టిగా రాసేను. ఇంకెప్పుడూ అడగరు. నువ్వు సంతకం పెట్టీ."

"నా వయసుకి ఇదే ఆఖరుసారండీ," అంది. చివరికి అట్లు లేకుండానే వచ్చేసింది ఆ మాట.

"మరింకేటి! పీడా పోద్ది," అన్నాడు ఎజ్రా. కోపంగా కాదు. ఆమె నెత్తి మీంచి బరువు దించుతున్నట్టు, ప్రేమగానే అన్నాడు. అతను కేకలేసినా బాగుండేది. కేకలేసేవాడి మీద అలగొచ్చు, పక్కింటికి చెప్పుకోవచ్చు. ఇంత ప్రేమగా తలుపు మూసేవాడిని ఏం చెయ్యాలి?

కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అతని ఇంగ్లీషు దిద్దడం ఆమెకి కొత్తేమీ కాదు. చర్చి వార్షిక నివేదిక, యూనియన్ వినతిపత్రం, పాస్టరుగారి వీడ్కోలు సన్మానపత్రం, ఏది రాసినా "కాస్త సూసీ లీలా" అని పడేస్తాడు, ఆమె దిద్దుతుంది, చదివి చప్పట్లు కొట్టించుకునేది అతను. అలవాటుగా జడలోంచి పెన్ను తీసింది. ఒక స్పెల్లింగు దిద్దింది. రెండో వరుస దగ్గర ఆగిపోయింది.

ఐ యామ్ నాటెటాల్ అన్‌విల్లింగ్ టు అటెండ్ ద ట్రైనింగ్.

అన్‌విల్లింగ్ అంటే ఆ ఉత్తరం పేరనే అతని లెక్క. గట్టిగా ఉండాలని దాని ముందు నాటెటాల్ తగిలించాడు, "ఏమాత్రం" అని. ఏమాత్రం ఇష్టం లేదని రాశాననుకున్నాడు. ఆ వాక్యం చెబుతున్నది వేరు. శిక్షణకి వెళ్ళడం నాకు ఏమాత్రం అయిష్టం కాదు. మైనస్‌ని మైనస్‌తో హెచ్చిస్తే ప్లస్ వస్తుందని పాతికేళ్ళుగా పిల్లలకి పాడించే మనిషి, భార్య తరఫున రెండు మైనస్‌లు పక్కపక్కన పెట్టి కూర్చున్నాడు.

పెన్ను మొన ఆ మాట మీదికి వెళ్ళింది. ఒక్క చిన్న గీత చాలు. కుక్కర్ కూత వేసింది. ముందుగదిలోంచి "లీలా, టీ" అని ఎజ్రా. "ఓలమ్మీ, నా కాళ్ళకి నూనె" అని అత్తగారు. ఆమె పెన్ను మూసి, జడలో దోపుకుని, టీ పెట్టింది. తెల్లారి బస్సులో కూర్చుని ఆ వాక్యం మళ్ళీ చదివింది. ఒక్క అక్షరం కూడా ముట్టుకోకుండా కింద సంతకం చేసింది.

హెడ్మిస్ట్రెస్ పద్మకుమారిగారి గదిలో బల్ల మీద పెట్టింది కాగితాన్ని. ఆవిడ చదవలేదు. పైన విషయం దగ్గర అన్‌విల్లింగ్ అన్న మాట చూసి, "మళ్ళీ ఇదేనా లీలారాణీ? సర్లే, నీ ఇబ్బందులు నీవి," అని జగన్నాధం వైపు తోసింది. అతనూ చదవలేదు. ముద్ర కొట్టాడు. వెళ్ళనివాళ్ళ ఫైలు తీసి, తాడు విప్పి, పంచ్ కోసం చూస్తున్నాడు.

లీలారాణి గుమ్మంలోనే నిలబడిపోయింది. రాత్రంతా ఆ వాక్యం తనని దాటిస్తుందని అనుకుంది. ఎవరో ఒకరు చదువుతారు, చదివినవాళ్ళే అడుగుతారు, తను ఊరికే తలూపితే చాలనుకుంది. కాని లీలారాణి కాగితంలో ఏముంటుందో అందరికీ ముందే తెలుసు. చదవాల్సిన పనేముంది? అది ఎంత చక్కని ఇంగ్లీషైనా, ఆ ఫైల్లో నాలుగో కాగితమై పడుంటుంది. పంచ్ దొరికింది. జగన్నాధం కాగితం అంచు అందులో పెట్టాడు.

"ఆ కాగితం ఆ ఫైల్లోది కాదండి," అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఇద్దరూ తలెత్తారు.

"నేను బెంగుళూరు వెళ్తన్నాను. అందులో అదే రాసుంది. చదవండి మేడమ్."

పద్మకుమారిగారు కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో వరుస కింద వేలు పెట్టుకుంటూ ఒకసారి చదివింది. మళ్ళీ మొదట్నించి చదివింది. ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది. జగన్నాధమే తట్టుకోలేకపోయాడు. "అదేటి మేడమ్, నిన్న సార్ ఫోన్లో... మరి సార్‌కి తెలుసా?"

"సారే రాసేరు," అంది లీలారాణి. "సంతకం మాత్రం నాది."