పాయలో రెండు చుక్కలు

నాకు ఒకచోట కాలు నిలవదని అక్క ఎప్పుడూ అంటుంది. ఆ వారం మాత్రం నిజంగానే కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నేను కంప్యూటర్లో తయారుచేసిన సుడి గెలాక్సీని శనివారం నక్షత్రశాల గోపురం మీద జనానికి చూపించాలి. ఆ మర్నాడే అక్క పెళ్లిచేసుకుని వేరే ఊరు వెళ్లిపోతోంది. నలభై ఆరేళ్లకి, ఎవరో పళ్ల డాక్టరుతో! అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పెళ్లి మాట విన్నప్పటినుంచి ఆవిడతో మాట్లాడటం మానేశాను.

గెలాక్సీ కూడా నాతో మొండికేసింది. మొదట బాగానే ఉండేది. తిరిగే వాయుమేఘం తనలోకి తాను కుంగి, పళ్లెంలా పలచబడేది. తర్వాత నడిమి నుంచి సుడి తిరుగుతూ నక్షత్రాల పాయలు వచ్చేవి. నేను ఏ నక్షత్రాన్ని ఏ పాయకిచ్చానో దాన్ని అందులోనే కట్టేశాను. లోపలివి చుట్టు తొందరగా ముగిస్తాయి, బయటివి వెనకబడతాయి. నాలుగు చుట్లు తిరిగేసరికి పాయలు కండెకి చుట్టిన దారంలా బిగుసుకుపోయి మాయమయ్యేవి.

శుక్రవారం మధ్యాహ్నం అక్క అన్నం డబ్బా పట్టుకుని ఆసుపత్రి నుంచి నేరుగా నక్షత్రశాలకి వచ్చింది. నర్సు బట్టల్లోనే కుర్చీలో వెనక్కి వాలి పైకి చూసింది. ఏమైందని అడిగితే, మాట్లాడకూడదన్న పంతం మరిచి, నక్షత్రాలు ఎక్కడివక్కడ ఉండి చావట్లేదని విసుక్కున్నాను.

"మా వార్డు ఎప్పుడు చూసినా కిటకిటలాడుతుంది," అంది అక్క. "అలాగని ఎప్పుడూ ఆ రోగులే ఉంటే నా ఉద్యోగం ఊడినట్టే."

నాకు ఒళ్లు మండింది. ఆ సంగతి నేను చదవనిది కాదు. పాయ అంటే రద్దీ. నక్షత్రాలు వచ్చి, కాస్త నెమ్మదించి, దాటిపోతాయి. అక్కడ వాయువు ఒత్తుకుని కొత్తవి పుడతాయి. రద్దీ మాత్రం అక్కడే ఉంటుంది. తెలిసీ వదలబుద్ధి కాలేదు, ఎందుకంటే బయటి పాయలో పక్కపక్కనే రెండు చుక్కలకి మా ఇద్దరి పేర్లు పెట్టుకున్నాను.

గదిలో పదిసార్లు అటూ ఇటూ తిరిగాను. చివరికి కూర్చుని కట్లన్నీ తీసేశాను.

ఈసారి పాయలు నిలిచాయి. ఎన్ని చుట్లు తిరిగినా చెదరలేదు. నాకు ఏడుపొచ్చింది. అక్కకి ఆ రెండు చుక్కలూ చూపించి, ఎవరు ఎవరో చెప్పాను.

"నేను అప్పుడే దాటిపోయానే," అంది నెమ్మదిగా. "మరి నువ్వు?"

"ఇంకా రద్దీలోనే ఉన్నాను. పద, నీ పెట్టె సర్దుదాం."